కట్టు విప్పని అంటు

ఆవిడ పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను కొట్లోనే ఉన్నాను. కౌంటరు ముందు ఒకాయన నడుం మీద చెయ్యేసుకుని, "ఒళ్లు నొప్పులకి రెండ్రోజులకి సెట్టు ఇవ్వండి" అంటున్నాడు. సెట్టు అంటే మా వైపు మందుల కొట్లలో అందరికీ తెలిసిన సరుకే. నాలుగు రకాల మాత్రలు అట్టల్లోంచి కత్తిరించి, పూటకొక పొట్లంగా చుట్టి ఇస్తారు. వాటికి పేరుండదు. తెల్లదొకటి, పచ్చదొకటి, ఎర్రదొకటి, కడుపులో మంట రాకుండా ఇంకొకటి. మింగినవాడికి సాయంత్రానికల్లా నొప్పి తగ్గుతుంది. వారం తిరక్కుండా మళ్లీ అదే కొట్టుకి వస్తాడు.

ఫోను చేసింది నర్సరీ మేస్త్రీ. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, బల్ల ముందు కూర్చుని అంటు కడుతూ అలాగే పక్కకి ఒరిగిపోయిందట. రాజమండ్రి తీసుకెళ్లేలోగా గుండె ఆగిపోయిందట. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట చెబితే నన్ను మనిషనరు. "కిడ్నీ ఎలా ఉంది?" అని అడిగాను. మేస్త్రీ "మనిషే పోయిందంటుంటే కిడ్నీ సంగతేంటండీ బాబూ!" అన్నాడు.

ఆయన అన్నదీ న్యాయమే. కానీ ఆవిడతో పదమూడేళ్లు వాదించినవాడికి ముందు ఆ ప్రశ్నే వస్తుంది. వారం క్రితమే రక్తపరీక్ష చేయించుకుని, ఆ కాగితం తెచ్చి నా మొహం ముందు ఆడించి వెళ్లింది. కిడ్నీ నిక్షేపంలా ఉంది. ఆవిణ్ణి తీసుకుపోయింది గుండె. ఆ తేడా ఆవిడకి ముఖ్యం, కాబట్టి నాకూ ముఖ్యం. కిడ్నీ జబ్బుతో పోయిందని ఎవరైనా అంటే ఈ రోజుకీ ఊరుకోను, నిలబెట్టి సరిచేస్తాను.

నడుం నొప్పాయనకి సెట్టు ఇవ్వలేదు. ఇంకేం మందులు వాడుతున్నారని అడిగితే, ఆయనకి కోపం వచ్చి ఎదురు కొట్టుకి వెళ్లిపోయాడు. వెళ్లనీ.

నా కొట్టు కడియం దగ్గర కాలువ గట్టు రోడ్డు మీద ఉంటుంది. ఎటు చూసినా నర్సరీలే. ఆవిడ వాటిలో ఒకదాంట్లో అంటు కట్టే పని చేసేది. పొట్టి మనిషి, బక్క పలచన. జాకెట్టు గుడ్డ ముక్కతో తనే కుట్టుకున్న మాస్కు, చేతులకి పసుపుపచ్చ రబ్బరు తొడుగులు. మాస్కు మీద కనిపించే రెండు కళ్లు మాత్రం ఎదుటివాణ్ణి ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతున్నట్టే ఉండేవి. చేతికి మాత్రల అట్ట ఇస్తే వెంటనే సంచిలో వేసుకునే అలవాటు లేదు. గుమ్మం దాకా వెళ్లి, ఎండలోకి చాపి పట్టుకుని, అక్షరాల కింద గోరుతో గీసుకుంటూ చదివేది. తర్వాత వెనక్కి తిప్పి మళ్లీ చదివేది. వెనకాల ఎంతమంది నిలబడ్డా తొందరపడేది కాదు.

చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం కుండీల్లో గుచ్చే పేరు చీటీల మీద నేర్చుకుంది. బోగన్‌విలియా, హెలికోనియా, ఫిలోడెండ్రాన్ అని రోజంతా పలికే మనిషికి మందుల పేర్లొక లెక్కా? వైజాగ్ ఆసుపత్రిలో టాక్రోలిమస్ అనే పేరు మొదటిసారి విన్నప్పుడు, "నీడలో పెంచే మొక్కలాగుందండి పేరు" అందిట డాక్టరుతో.

రెండు కిడ్నీలూ పాడైతే వాళ్లాయన తన కిడ్నీ ఒకటి ఇచ్చాడు. మొగుళ్లకి కిడ్నీ ఇచ్చిన పెళ్లాల్ని నేను నలుగురైదుగుర్ని చూశాను. పెళ్లానికి ఇచ్చిన మొగుణ్ణి మాత్రం ఆయన్నొక్కణ్ణే చూశాను. లారీలకి మొక్కలు లోడు చేసే మనిషి. మాట తక్కువ. ఏదైనా చెప్పాల్సి వస్తే చొక్కా గుండీ తడుముకుంటూ చెబుతాడు.

"వేరు మొక్క నేను, కొమ్మ ఆయనది" అనేది ఆవిడ. ఒంట్లో పెట్టిన పరాయి కిడ్నీని ఒళ్లు తరిమెయ్యకుండా రెండు పూటలా మింగే ఆ టాక్రోలిమస్ లాంటి మాత్రల్ని వాళ్లింట్లో కట్టు మాత్రలు అనేవారు. కొమ్మ వేరు మొక్కకి అతుక్కునేదాకా చుట్టూ బిగించే ప్లాస్టిక్ రిబ్బనుని అంటు కట్టేవాళ్లు కట్టు అంటారు. ఆ పేరే మాత్రలకీ పెట్టేసుకున్నారు.

"మామిడి అంటుకి రెండు మూడు నెలల్లో కట్టు విప్పేస్తామండి. నాది విప్పడానికి లేదు. విప్పిన రోజున నా ఒళ్లే ఆయన కొమ్మని ఎండబెట్టేస్తుంది" అని నాకు చెప్పింది. ఒంట్లో రోగనిరోధక శక్తిని అణిచి ఉంచే మందుల గురించి ఇంత బాగా చెప్పినవాళ్లు నాకు కాలేజీలో కూడా తగల్లేదు.

ఆవిడకి కొంటెతనం కూడా ఎక్కువే. ఒకరోజు కొట్లో ఒక పెద్దావిడ, "ఏంటమ్మా, ఎప్పుడు చూసినా మూతికి ఆ గుడ్డేంటి?" అని అడిగింది. ఈవిడ చాలా మామూలుగా, "నాకు అంటు ఉందండి" అంది. అంతే, పెద్దావిడ చీర కుచ్చెళ్లు దగ్గరికి లాక్కుని మూడడుగులు వెనక్కి వేసింది. పక్కనున్న ఇద్దరు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. కౌంటరు ముందు జాగా ఖాళీ అయ్యింది. ఈవిడ తీరిగ్గా ముందుకొచ్చి తన మందులు తీసుకుని, "మామిడి అంటు లాంటిదండి మామ్మగారూ, మీకు అంటుకోదు. మీ నుంచే నాకు ఏదైనా అంటుకుంటుందేమోనని ఈ గుడ్డ" అని చెప్పి వెళ్లిపోయింది. కరోనా వచ్చి ఊరంతా మాస్కులు పెట్టుకున్నప్పుడు మాత్రం ఆ గర్వం చూడాలి. "ఇన్నాళ్లకి అందరూ నా దారికొచ్చారండి" అని నర్సరీ గేటు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్లకి మాస్కు ముక్కు మీదకి లాక్కోమని చెప్పేది.

ఆ కట్టు అన్న మాటే మా ఇద్దరికీ మొదట తగువు పెట్టింది. తప్పు నాది. ఇప్పుడు ఇంత తేలిగ్గా ఒప్పుకుంటున్నాను గానీ, అప్పుడు ఒప్పుకోలేదు.

అప్పటికి ఆవిడకి కిడ్నీ పెట్టి ఎనిమిది నెలలు. వాళ్లెవరో నాకు తెలియదు. లోడింగు రోజులు, బయట లారీ ఇంజను ఆపకుండా నిలబెట్టి వాళ్లాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"మా ఆవిడకి భుజం పట్టేసిందండి. చెయ్యి పైకెత్తలేకపోతోంది. ఏదైనా గట్టిది ఇవ్వండి."

"బీపీ, షుగరు ఉన్నాయా?" అన్నాను. మా కొట్లలో ఇది నోటికి అలవాటైపోయిన ప్రశ్న. ఆ రెండూ లేవంటే ఇంకే జబ్బూ లేనట్టే మాకు.

"లేవండి."

"వేరే మందులేమైనా వాడుతోందా?"

"కట్టు మాత్రలు వాడుతుందండి."

కట్టు అనగానే నా బుర్రలోకి వచ్చింది ఎముకల కట్టు. చెయ్యి విరిగినా కాలు బెణికినా ఆసుపత్రికి పోకుండా పసరు కట్టు కట్టించుకునేవాళ్లు మా చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు. కట్టు కట్టించుకుని, ఎముక అతకడానికని కాల్షియం మాత్రలు కొనుక్కుంటారు. ఈయన భుజమన్నాడు, కట్టన్నాడు. నాకు అంతా కుదిరిపోయింది. "అయితే కొంచెం గట్టిదే ఇస్తాను" అని మూడు రోజులకి ఆరు పొట్లాలు చుట్టి ఇచ్చాను. నమస్కారం పెట్టి మరీ తీసుకెళ్లాడు.

ఆ పొట్లాల్లో డైక్లోఫెనాక్ ఉంది. ఆ జాతి నొప్పి మాత్రలు కిడ్నీకి రక్తం అందే దారిని ఇరుకు చేస్తాయి. ఆవిడ మింగే కట్టు మాత్ర కూడా ఎంతో కొంత ఆ పనే చేస్తుంది, అందుకే దాన్ని రక్తంలో కొలుచుకుంటూ ఇస్తారు. రెండూ కలిసి, ఉన్న ఒక్క కిడ్నీ మీద పడితే ఏమవుతుందో నేను పరీక్షకి చదువుకున్నదే. పాసయ్యాను కూడా.

మూడో రోజుకి భుజం నొప్పి పోయింది. కాళ్లు ఉబ్బాయి, మూత్రం తగ్గింది. ఆవిడ ఎవరినీ సలహా అడగలేదు. వాళ్లాయన్ని లేవదీసి, రాజమండ్రిలో రైలెక్కి వైజాగ్ వెళ్లిపోయింది. పది రోజులు ఉంచుకున్నారు. కిడ్నీ నిలబడింది. ఇంకో నాలుగు రోజులు ఆలస్యమైతే నిలబడేది కాదన్నారట.

తిరిగొచ్చిన మర్నాడు ఉదయం పది గంటలకి, కొట్టు కిటకిటలాడే వేళ చూసుకుని వచ్చింది. వెనకాల ఆయన, తప్పు చేసినవాడిలా గుండీ తడుముకుంటూ.

"మా ఆయనకి పొట్లాలిచ్చింది మీరేనాండీ?"

"ఏ పొట్లాలమ్మా?"

"పేరు లేనివి."

కిడ్నీ సంగతి, వైజాగ్‌లో పది రోజుల సంగతి ఆవిడ చెప్పింది. అయినా దబాయించాను. భయం వేసినప్పుడు నేను చేసే మొదటి పని అదే. "మీ ఆయన కట్టు మాత్రలన్నాడమ్మా. కిడ్నీ అన్నాడా? నేనేమైనా కలగన్నానా?"

"ఏ కట్టని అడిగారా?"

నేను కౌంటరు మీది అట్టలు సర్దడం మొదలుపెట్టాను.

"అక్కడ డాక్టరుగారు ఏం మింగావమ్మా అంటే నేనేం చెప్పానో తెలుసాండీ? తెల్లదొకటి, పచ్చదొకటి, ఎర్రదొకటి అన్నాను. అంతమంది డాక్టర్ల ముందు. పువ్వు రంగు చెప్పి మొక్క పేరు చెప్పలేనివాణ్ణి మా నర్సరీలో పనిలో పెట్టుకోరండి. నాకు సిగ్గేసింది. ఇచ్చినవారు మీరు, మీకెందుకు వెయ్యలేదు?"

కేసు పెడతానంటుందేమో అనుకున్నాను. డబ్బు అడుగుతుందేమో అనుకున్నాను. ఆవిడ ఒక తెల్ల కాగితం కౌంటరు మీద పెట్టి, "ఆ నాలుగింటి పేర్లూ రాయండి" అంది. రాశాను. అయిపోయిందనుకుంటే, పక్కన సెట్టు కోసం నిలబడ్డ ముసలాయన్ని చూపించి, "ఈయనకీ రాయండి" అంది. ఆయన నాకొద్దమ్మా అన్నా వినలేదు. ఆయన తర్వాత ఇంకొకరికి. గంటసేపు అక్కడే నిలబడి, ఆ గంటలో వచ్చిన ప్రతి మనిషి పొట్లం మీదా నా చేత పేర్లు రాయించింది. నాకు చచ్చేంత కోపం వచ్చింది. ఇంటికి భోజనానికి వెళ్లి మా ఆవిడతో చెబితే, "ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది?" అంది. దాంతో ఇంకా మండింది.

ఆ మర్నాడు మళ్లీ వచ్చింది. కుండీల్లో గుచ్చే తెల్ల ప్లాస్టిక్ చీటీ ఒకటి తెచ్చింది. నర్సరీలో వానకి చెరగని సిరా ఉంటుంది, దానితో తన చేత్తో తెలుగులో రాసుకొచ్చింది. "నాకు పడనివి: డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, వీటి బంధువులు. నొప్పయితే పారాసిటమాల్, అదీ వైజాగ్ వాళ్లు చెప్పినన్నే. జ్వరమొస్తే ముందు ఫోను, తర్వాత మాత్ర." కింద ఆసుపత్రి ఫోను నంబరు. దాన్ని కౌంటరు అద్దానికి కట్టమంది. కట్టాను. ఆవిడ మీద పౌరుషం కొద్దీ ఆ నెలంతా కూర్చుని, నేను మర్చిపోయిన పుస్తకాలన్నీ మళ్లీ తీశాను. వేరొకరి కిడ్నీ పెట్టించుకున్నవాళ్లే కాదు, కీళ్లవాతానికి, చర్మం జబ్బులకి ఇలాంటి మందులే వాడేవాళ్లు నా కొట్టుకే ఎంతమంది వస్తున్నారో అడగడం మొదలుపెట్టాకే తెలిసింది. వాళ్లందరికీ అంతకుముందు నేను ఏమేం చుట్టి ఇచ్చానో తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

ఆవిడకి నొప్పులు తగ్గిపోయాయని కాదు. రోజంతా బల్ల మీద వంగి పనిచేసే మనిషికి మెడ, భుజం, వేళ్లు ఏదో ఒకటి లాగుతూనే ఉండేవి. తట్టుకోలేనప్పుడు వచ్చి పారాసిటమాల్ తీసుకునేది. అది కూడా చాక్లెట్లలా మింగే రకం కాదు. "ఇది మంచిదే కదాని ఎక్కువ మింగితే కాలేయం ఊరుకోదటండి. ఒకదాన్ని కాపాడుకుంటూ ఇంకోదాన్ని పాడుచేసుకుంటానా?" అని లెక్క చెప్పి వెళ్లేది.

ఒకసారి పక్కింటావిడ తలనొప్పికి ఇచ్చిన మాత్ర తెచ్చి నా ముందు పెట్టింది. "పారాసిటమాలేనటండి. వేసుకోమంటారా?" కళ్లు నవ్వుతున్నాయి. ఇదేదో పరీక్షేనని అర్థమై కళ్లజోడు పెట్టుకుని చూశాను. పెద్దక్షరాల్లో పారాసిటమాల్ అని ఉంది. పక్కన చిన్నక్షరాల్లో ఐబుప్రొఫెన్. రెండూ కలిపిన మాత్ర అది. "పక్కన చుట్టం ఉన్నాడు" అన్నాను. "పాసయ్యారు" అంది. నా డిగ్రీ సర్టిఫికెట్ చూసినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

ఆకు పసరులు, చూర్ణాలు, "మా తోడికోడలికి చేత్తో తీసినట్టు తగ్గింది" అని జనం తెచ్చి ఇచ్చే సీసాలు ఏవీ ముట్టేది కాదు. వాటిలో ఏముందో రాసి లేదు కదా అనేది. పంపరపనస అంటు కట్టడంలో ఆ చుట్టుపక్కల ఆవిడకి మించినవాళ్లు లేరు, కాయ మాత్రం ఒక్క తొన నోట్లో వేసుకోలేదు. దాని రసం కట్టు మాత్రని రక్తంలో పెంచేస్తుందని డాక్టరు చెప్పాడు. నర్సరీ పనే మానెయ్యమని కూడా చెప్పాడట, మట్టిలో ఎన్నో సూక్ష్మక్రిములుంటాయని. అది మాత్రం వినలేదు. "పెంట, మట్టి ముట్టుకోను. బల్ల దగ్గర కూర్చుని తొడుగులేసుకుని అంటు ఒక్కటీ కట్టుకుంటాను. అదీ వద్దంటే కిడ్నీ దేనికండీ నాకు, చూసుకుని మురిసిపోడానికా?" అందిట. డాక్టరు సరేనన్నాడు. సరేననక ఏం చేస్తాడు పాపం.

ఇక చికున్‌గున్యా వచ్చిన ఏడాది సంగతి చెప్పాలి. ఆ వానాకాలం మా ఊళ్లో నిటారుగా నడిచే మనిషి లేడు. జ్వరం మూడు రోజుల్లో పోయేది, కీళ్ల నొప్పులు నెలల తరబడి ఉండేవి. ఊళ్లో వైద్యం చేసే ఒకాయన ఇంటి ముందు పొద్దున్నే జనం బారులు తీరేవారు. వచ్చినవాళ్లకి వచ్చినట్టు నొప్పి ఇంజెక్షను చేసి పంపేవాడు. నా కొట్టుకి వచ్చే మందుల చీటీల్లో సగం ఆయన రాసినవే.

ఆవిడకీ వచ్చింది. ఒకరోజు ఎవరి చేతో నొక్కించి నాకు ఫోను చేసింది. "షావుకారుగారూ, ఉన్నపళంగా వైద్యుడిగారింటికి రండి." నన్ను షావుకారుగారూ అని పిలిచేది, మాత్రలమ్మే నన్ను పంచదార అమ్మేవాడి కింద జమకట్టి.

వెళ్లేసరికి బల్ల మీద కూర్చుని ఉంది. లేవలేకపోతే ఇరుగుపొరుగు వాళ్లు కుర్చీతో సహా ఎత్తుకొచ్చారట. వేళ్లు వాచి ముడుచుకోవడం లేదు. ఆ వేళ్లతో పట్టుకోలేక, సిరంజి ఉన్న వైద్యుడి మణికట్టుని తన రెండు అరచేతుల మధ్యా నొక్కి పట్టుకుని ఉంది. ఆయన మొహం ఎర్రబడి ఉంది.

"ఊరంతా చేయించుకున్నారమ్మా. నీ ఒక్కదానికే ఏంటీ గోల? నొప్పి ఇంజెక్షనే ఇది."

"నొప్పి నాదండి, నాకు తెలుసు. దాని పేరు చెప్పండి."

సీసా నా చేతికిచ్చారు. డైక్లోఫెనాక్. సీసా ఆవిడే చదువుకోగలదు. నన్ను పిలిచింది నేను పక్కన నిలబడతానో లేదో చూడ్డానికని అప్పుడు తెలిసింది.

"ఈవిడకిది పడదండి. వద్దు" అన్నాను.

"మందులమ్ముకునేవాడివి, నువ్వు నాకు చెప్తావా?"

"చెప్తానండి. ఒకసారి అడక్కుండా ఇచ్చి చూశాను."

ఆయన సిరంజి ట్రేలో పడేసి లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన చీటీలు నా కొట్టుకి రావడం మానేశాయి. మానేస్తే మానేశాయి.

అక్కణ్ణించే వైజాగ్ ఫోను చేశాం. వాళ్లు పారాసిటమాల్ ఎన్ని గంటలకొకటో చెప్పారు, కట్టు మాత్రలు ఒక్క పూట కూడా ఆపొద్దన్నారు, రక్తపరీక్షలు రాశారు. ఆవిడ ఇరవై రోజులు మంచం మీద ఉంది. నేను చూడ్డానికి వెళ్లినప్పుడల్లా మోకాళ్లతో మాట్లాడుతూ ఉండేది. "ఉండు, ఎంతసేపుంటావో ఉండు. నేనూ ఇక్కడే ఉంటాను." ఆ నొప్పి చూడలేక వాళ్లాయన ఒకరోజు, "ఒక్క సగం మాత్ర వేసుకోవే, ఏం కాదులే" అని బతిమాలాడు. ఆవిడ ఆయన్ని పైకీ కిందకీ చూసి, "మీ కొమ్మ మీకు లోకువేమో. నాకు కాదు" అంది. ఆయన వంటింట్లోకి వెళ్లి కాపడానికి వేణ్ణీళ్లు పెట్టాడు. నెల తిరిగేసరికి ఆవిడ మళ్లీ బల్ల దగ్గర కూర్చుంది, వేళ్లు ఇంకా సగమే వంగుతుండగా.

ఆవిడ పెద్దకర్మ అయిన నాలుగో రోజున వాళ్లాయన నా కొట్టుకి వచ్చాడు. ఉదయం వేళ, ఐదారుగురు నిలబడి ఉన్నారు. ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. పంచె కొంచెం పైకి తీసి చూపించాడు. మోకాలు కుండలా వాచి ఉంది.

"గట్టిది ఏదైనా ఇవ్వండి. నిలబడలేకపోతున్నాను."

"మీకా జాతి మాత్రలు వద్దండి. మీకున్నది ఒక్క కిడ్నీయే" అన్నాను. ఈ సంగతి ఆయనకి ఆపరేషను నాడే చెప్పారు. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆయన్ని కూడా అదే పద్ధతిలో నడిపించింది.

"ఆవిడ లేదు కదండీ ఇంక."

"లేకపోతే?"

ఆయన కౌంటరు అద్దం మీద రెండు చేతులూ ఆనించాడు. గుండీ తడుముకోలేదు. "రెండుండేవండి నాకు. ఒకదానికి మొన్న నా చేత్తో నేనే నిప్పు పెట్టాను. ఈ రెండోది ఎవరి కోసం దాచుకోమంటారు?"

నాకు కోపం వచ్చింది.

"ఇవ్వనండి."

"ఎదురు కొట్లో ఇస్తారు."

"వెళ్లండి. నేను మీ వెనకే వస్తాను. అక్కడా ఇవ్వనివ్వను. రాజమండ్రి వెళ్లండి, అక్కడికీ వస్తాను. ఏ కొట్టు మెట్లెక్కినా మీ పక్కన నిలబడి ఈయనకి ఇవ్వొద్దని అరుస్తాను."

ఒక్క మాత్రతో మనిషి అయిపోడని నాకు తెలుసు. ఆ మాట ఆయనతో అనలేదు. ఆయన అడుగుతున్నది ఒక్క మాత్ర కాదని కూడా తెలుసు.

ఆయన అద్దానికి కట్టి ఉన్న ఆవిడ చీటీ వైపు చూశాడు. "మా ఆవిణ్ణి ఒకసారి అడిగానండి. అంత పని చేసినవాడి కొట్టుకే ఎందుకు పోతావే అని."

"ఏమంది?"

"ఆయన తప్పు చెయ్యడం అయిపోయింది, కొత్తవాడైతే నాతోనే మొదలుపెడతాడు, అంది."

నాకు ఏడుపు ఆగలేదు. ఐదారుగురూ చూస్తుండగానే ఏడ్చాను. సిగ్గేమీ వెయ్యలేదు. కౌంటరు తలుపు ఎత్తి, ఆయన్ని భుజం పట్టుకుని లోపలికి తీసుకొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టాను. మోకాలి కింద మందుల అట్టపెట్టె ఒకటి పెట్టి, వైజాగ్ ఫోను చేశాను. ఇన్నేళ్లలో అక్కడి నర్సుకి నా గొంతు తెలిసిపోయింది. మోకాలి వాపు సంగతి, నొప్పి సంగతి చెప్పి, ఎవరికి చూపించాలి, అందాకా ఏమివ్వచ్చు అని అడిగాను. నర్సు ఏదో ఫైలు తిరగేసినట్టుంది.

"మీ పేషెంటు పోయారు కదండీ?" అంది.

"ఆయన ఉన్నాడండి" అన్నాను, కొట్లో అందరికీ వినపడేలా.